సరుగుడు తోటలుండగా మడ అడవి ఎందుకు?

బరంపురం వైపు సముద్రం ఒడ్డున ఎక్కడ చూసినా సరుగుడు తోటలే కదా, మడ అడవి పోతే ఏమిటి నష్టం అని మీ ప్రశ్న.

సరుగుడు ఇసుకలో చెట్టు. గాలిని కాస్త ఆపుతుంది, అంతే. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు అవి ఎలా పడ్డాయో మన గంజాం వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు.

మడ చెట్టు ఉప్పు బురదలో బతుకుతుంది. కొన్ని రకాల వేళ్ళు ఊపిరి కోసం బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొస్తాయి. వాటి మధ్యకొచ్చిన అల జోరు తగ్గి, మోసుకొచ్చిన ఒండ్రు అక్కడే దిగుతుంది. చెట్లు కొట్టేస్తే ఆ ఒండ్రు నిలవదు, ఒడ్డు కోసుకుపోతుంది. 1999 ఒడిశా మహా తుపానులో కేంద్రాపడా జిల్లాలో మడ అడవి అడ్డున్న ఊళ్ళలో చావులు తక్కువని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

వేటకీ దెబ్బే. రొయ్య పిల్లలు, పీతలు, చిన్న చేపలు ఎదిగేది ఆ వేళ్ళ సందుల్లోనే.

అన్నిటికంటే విడ్డూరం చెరువుల సంగతి. మడ నరికి రొయ్యల చెరువు తవ్వితే, ఎన్నో ఏళ్ళుగా నీటికింద ఉన్న బురదకి గాలి తగులుతుంది. అందులోని గంధకం ఆమ్లంగా మారుతుంది. చెరువు నీళ్ళు పులుస్తాయి, సున్నం చల్లీ చల్లీ చివరికి వదిలేస్తారు. (అడవీ లేదు, రొయ్యా లేదు.)

ఇసుక తీరానికి సరుగుడు సరే. బాహుదా, ఋషికుల్య నదులు సముద్రంలో కలిసే మొగల దగ్గర పోటు నీరు నిలిచే బురదలో మాత్రం నాటినా బతకదు.