నెగెటివ్ కింద ఏ దీపం పెట్టాలి?

అమలాపురం

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

మీ ఊరి పుస్తకం కోసం పాత స్టూడియోల నెగెటివ్‌లు పోగుచేశానని, వాటిని కింద లైటు పెట్టి కెమెరాతో తీస్తానని రాశావు. సంతోషం. అయితే లెన్సు గురించి రెండు పేజీలు అడిగి, లైటు సంగతి చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ వరస తిరగెయ్యి. ఓ మాదిరి మాక్రో లెన్సుతో (చాలా దగ్గరి నుంచి తీసేది) పని నడిచిపోతుంది. లైటులో లేని రంగును మాత్రం తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టలేదు.

ముందు డబ్బాలోవి రెండు కుప్పలు చెయ్యి: నలుపు తెలుపు ఒకటి, కలర్ ఒకటి. నలుపు తెలుపు వాటికి లైటు రంగుతో అట్టే పనిలేదు, వెలుగు సమంగా, మెత్తగా పడితే చాలు. ఆ ఫిల్ములో బొమ్మంతా వెండి రేణువులే కాబట్టి సూటి వెలుగు వాటి మీద చెదిరి కాంట్రాస్టు పెరుగుతుంది, ప్రతి గీతా లేచి కనిపిస్తుంది. ముఖాల మీద పెన్సిల్ దిద్దుళ్లు కనిపిస్తే తుడిచెయ్యకు. అప్పటి స్టూడియోలవాళ్ల చేతిపని అది, నీ పుస్తకానికి సాక్ష్యం.

చిక్కంతా కలర్‌తోనే. ఫిల్ము పట్టీ నారింజ రంగులో ఉంటుంది చూడు, అది ఎరుపును ధారాళంగా పోనిస్తుంది, నీలాన్ని చాలావరకు మింగేస్తుంది. పసుపు బల్బు పెడితే అసలే తక్కువున్న నీలం ఇంకా తగ్గి, పాజిటివ్ చేశాక ఆ నీలం చానెల్లో ఇసుక చల్లినట్టు చుక్కలు (నాయిస్) వస్తాయి. అందుకని 5000 నుంచి 5600 కెల్విన్ల (లైటు రంగుకు కొలత అది) తెల్లని లైటు తీసుకో. పెట్టె మీద సీఆర్ఐ, అంటే ఆ లైటులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, 95కి తగ్గకూడదు. అదొక్కటే చూసి మోసపోకు. ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు, ముదురు ఎరుపు అందులో చేరదు. దానికి ఆర్9 అని వేరే అంకె ఉంటుంది, అది 90 దాటిందేమో అడుగు. పెళ్లి ఫోటోల్లో పట్టుచీర ఎరుపు, 1996 తుపాను రీళ్లలో కూలిన కొబ్బరిమట్టల పచ్చ, మనుషుల ఒంటిచాయ, ఈ మూడూ నాసి లైటులో ముందుగా చెడతాయి.

దుకాణంలోనే ఒక పరీక్ష చెయ్యి. పాత సీడీ ఒకటి పట్టుకెళ్లి లైటు వెలుగు దాని మీద పడేలా వాల్చి చూడు. ఇంద్రధనుస్సు తెగకుండా సాగితే మంచిది. నీలానికీ పచ్చకీ మధ్య కొంచెం మసక తెల్ల ఎల్ఈడీలన్నింటికీ ఉంటుంది. ట్యూబులైటుకైతే విడివిడి గీతలు కనిపిస్తాయి. డాక్టర్ల దగ్గరి పాత ఎక్స్‌రే పెట్టె కలర్‌కి పనికిరాదనేది అందుకే. ట్యాబ్లెట్ తెరా వద్దు. ఫిల్ము దాని మీద ఆనిస్తే పిక్సెళ్లు బొమ్మలోకి వస్తాయి, ఎత్తులో పెట్టినా రంగుల ఇబ్బంది పోదు. బొమ్మలు దిద్దుకునే ట్రేసింగ్ ప్యాడ్ నలుపు తెలుపుకి సరిపోతుంది.

ఇక మిణుకు. ఫోను కెమెరాలో షట్టరు 1/2000 సెకను పెట్టి లైటును చూడు, చారలు కదిలితే మిణుకుతున్నట్టే. చాలా ప్యానెళ్లు డిమ్మరు తగ్గించినప్పుడే మిణుకుతాయి. కాబట్టి లైటు నిండుగా ఉంచి షట్టరు మార్చుకో. ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే శక్తి) 100, ఎఫ్8 (లెన్సు కన్ను తెరుచుకునే కొలత), షట్టరు 1/15 గానీ అంతకన్నా నెమ్మదిగా గానీ ఉంటే చిన్న మిణుకులు కలిసిపోతాయి. రెండు సెకన్ల టైమరు పెట్టు. సీలింగు ఫ్యాను ఆపు, వీధిలో లారీ వెళ్తుంటే ఆగు. కరెంటు మీద ఆధారపడకుండా పవర్ బ్యాంకుతో నడిచే ప్యానెలైతే మన పల్లెల్లో హాయి.

ఇల్లు మరీ రోడ్డు మీదుంటే ఫ్లాష్ మేలు. జెనాన్ వెలుగు పగటి వెలుగులా తెగకుండా ఉంటుంది, క్షణంలో వెలిగి ఆరిపోతుంది కనుక అదురు అంటదు. ఫోకస్ కోసం పక్కన చిన్న లైటొకటి వెలిగించుకోవాలి, అంతే. ఎరుపు, పచ్చ, నీలం విడివిడిగా వెలిగించి మూడుసార్లు తీసే పద్ధతి కూడా ఉంది. మొదటి వంద రీళ్లు అయ్యాక దాని సంగతి మాట్లాడుకుందాం.

అమరిక ఇలా: ప్యానెల్, దానికి రెండు సెంటీమీటర్ల పైన 3 మిల్లీమీటర్ల పాలతెలుపు అక్రిలిక్ షీటు, దానికి మూడు సెంటీమీటర్ల పైన ఫిల్ము. భీమవరంలోనో రాజమండ్రిలోనో సైన్‌బోర్డులు చేసేవాళ్లని అడిగితే షీటు ముక్క దొరుకుతుంది. ఫిల్మును షీటుకి ఆనించకు. ఆనిస్తే షీటు మీది ప్రతి దుమ్ముకణం బొమ్మలో పడుతుంది. ఫిల్ము ఉన్నంత సైజులోనే సెన్సారు మీద పడేలా తీసేటప్పుడు ఎఫ్8 దగ్గర ఫోకస్ లోతు సుమారు ఒక మిల్లీమీటరే. అందుకే ఫిల్ము వంగకుండా చట్రంలో బిగించు, మూడు సెంటీమీటర్ల కిందున్న దుమ్ము మాత్రం ఫోకస్ తప్పి కనిపించకుండా పోతుంది. వెలిగే జాగా ఫ్రేముకన్నా బాగా పెద్దది కావాలి, లేకపోతే మూలలు నల్లబడతాయి. 35 మిల్లీమీటర్ల ఫిల్ముకి అరచేతంత ప్యానెల్, 120 అనే వెడల్పు ఫిల్ముకి కనీసం పదిహేను సెంటీమీటర్ల పక్కలున్నది. మిగిలిన వెలుగును నల్ల అట్టతో మూసెయ్యి, వదిలేస్తే లెన్సులోకి చిమ్మి నలుపు బూడిదవుతుంది. గది చీకటి చెయ్యి, తెల్లచొక్కా వేసుకోకు. ఫిల్ము నిగనిగలాడే వైపు అది ప్రతిఫలిస్తుంది.

ప్రతి రీలుకీ ముందు ఫిల్ము లేకుండా ఖాళీ లైటు ఫ్రేమొకటి తియ్యి, మూలల తేడా తర్వాత దానితో సరిచెయ్యొచ్చు. ఎక్స్‌పోజరు మాన్యువల్‌లో ఉంచి, ఫ్రేముల మధ్య ఖాళీ పట్టీని చూసి కట్టు. హిస్టోగ్రాములో (కెమెరా చూపించే వెలుగు పటం) ఎరుపు కుడి అంచు దగ్గరికి రావాలి, తగలకూడదు. వైట్ బ్యాలెన్స్ (ఏది తెలుపో కెమెరాకి చెప్పే సెట్టింగు) కూడా ఆ పట్టీ మీదే కట్టి రీలంతా కదపకు.

డెల్టా తేమకి బూజుపట్టిన నెగెటివ్‌లు తప్పక ఉంటాయి. నీళ్లతో కడగొద్దు, బూజు తిన్న జెలటిన్ నీళ్లలో కరిగి బొమ్మే పోతుంది. అవి వేరుగా, సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టి ముందుగా తీసెయ్యి.

ఒక్క రీలు ఇలా చేసి, ఖాళీ లైటు ఫ్రేముతో సహా నాకు పంపు. రా ఫైళ్లే (కెమెరా మార్చకుండా దాచిన అసలు ఫైళ్లు) పంపు, జేపెగ్‌లు వద్దు.

మీ అన్నయ్య