అద్దెతోనే ఈఎంఐ తీరిపోతుందా?

ప్రశ్న: మేడమ్, నేను ఖమ్మంలో ప్రభుత్వ టీచర్ని. వయసు 42. స్థలం అమ్మగా వచ్చిన 33 లక్షలు ఉన్నాయి. హైదరాబాద్ మియాపూర్‌లో ఎనిమిదేళ్ల నాటి డబుల్ బెడ్రూం ఫ్లాట్ 70 లక్షలకి వస్తోంది. మెయింటెనెన్స్‌తో కలిపి 24 వేలు అద్దె వస్తుందట. 'అద్దెతోనే ఈఎంఐ వెళ్లిపోతుంది, పదిహేనేళ్లు ఉంచుకోండి చాలు' అంటున్నాడు బ్రోకర్. మావారు సరే అన్నారు. నాకే ధైర్యం చాలడం లేదు. కొనమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ భయం సరైనదేనమ్మా. ఈ ధరకి వద్దు. మీవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని ఈ లెక్క చూడండి.

బ్యాంకులో ఇంటి రుణాల సీట్లో చాలా ఏళ్లు పనిచేశాను. అద్దెకిచ్చే ఇల్లు కొనేవాళ్లు ఎక్కువగా పొరబడేది మొదటి అంకె దగ్గరే. ఆ ఫ్లాట్ మీకు 70 లక్షలకి రాదు. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చులన్నీ కలిపి 7.5 శాతం, అంటే 5.25 లక్షలు. బ్రోకర్‌కి ఒక శాతం అనుకుంటే 70 వేలు. రంగులు, నల్లాలు, వైరింగ్ సరిచేయడానికి లక్షన్నర. మొత్తం 77.45 లక్షలు. మీ 33 లక్షలు దాదాపు మొత్తం పెట్టేసినా 45 లక్షల అప్పు తప్పదు.

ఇక అద్దె. 24 వేలలో మెయింటెనెన్స్ 3 వేలు అపార్ట్‌మెంట్ సంఘానికి పోతుంది. మీకు మిగిలేది 21 వేలు. అద్దెదారు మారినప్పుడు ఇల్లు ఖాళీగా ఉంటుంది కాబట్టి ఏడాదికి పదకొండు నెలలే లెక్కేసుకోండి: 2,31,000. అందులో ఆస్తి పన్ను 6 వేలు, ఖాళీ నెల మెయింటెనెన్స్ 3 వేలు, రిపేర్లకి 17 వేలు తీసేస్తే 2,05,000. ఆ 77.45 లక్షల మీద 2.65 శాతం! అప్పు మీద వడ్డీ 8.5 శాతం అనుకుందాం. ఇరవై ఏళ్లకి ఈఎంఐ 39 వేలు. అంటే అద్దె వచ్చిన నెలలో కూడా మీ జీతంలోంచి 18 వేలు వేయాలి.

పన్ను కలిసొస్తుందని కూడా ఎవరైనా చెప్పి ఉంటారు. ఆదాయపు పన్ను పాత విధానంలో ఉంటే, అద్దె ఆదాయంలో మున్సిపల్ పన్ను, మిగిలిన దానిలో 30 శాతం మినహాయింపు, అప్పు వడ్డీ పోగా తేలిన నష్టంలో ఏడాదికి 2 లక్షల దాకా జీతం నుంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో జీతం నుంచి ఆ తగ్గింపు లేదు. మీరు ఎందులో ఉన్నారో చూసుకోండి.

అద్దె తక్కువైనా ధర పెరుగుతుంది కదా అంటారు మీవారు. పెరగొచ్చు. కానీ ఏళ్లు గడిచేకొద్దీ కట్టడం విలువ తగ్గుతుంది, పెరిగేది నేల విలువ. అందుకే సేల్ డీడ్‌లో యూడీఎస్, అంటే అపార్ట్‌మెంట్ స్థలంలో మీ ఫ్లాట్‌కి వచ్చే వాటా, ఎన్ని గజాలుందో చూడాలి. మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. బ్రోకర్ చెప్పి ఉండడు. పాత ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్‌కి వచ్చే వాటా సాధారణంగా టవర్లలో కంటే ఎక్కువ.

అద్దెకే కొనాలనుకుంటే అప్పు 20 లక్షలు దాటకుండా, 48 లక్షల లోపు ఫ్లాట్ వెతకండి. అప్పుడు ఈఎంఐ 17,400 దగ్గర ఉంటుంది. అద్దె ఆ మొత్తానికి కాస్త అటూ ఇటూగా వస్తే, ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉన్నా మీకు టెన్షన్ ఉండదు. చూడ్డానికి ఏప్రిల్, మే నెలల్లో వెళ్లండి. బోరు ఎండితే నీళ్ల ట్యాంకర్లు తెప్పించాలి, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో పడుతుంది. వాచ్‌మన్‌ని అడిగితే రోజుకి ఎన్ని ట్యాంకర్లు వస్తున్నాయో, ఏ ఫ్లాట్ ఎన్నాళ్లుగా ఖాళీగా ఉందో చెబుతాడు. ఆ రెండు సంగతులూ బ్రోకర్ నోట రావు.

ఆ మియాపూర్ ఫ్లాట్ మీదే మనసుంటే, ఇప్పుడున్న అద్దెదారు అగ్రిమెంట్, ఆర్నెల్లుగా అద్దె జమ అయినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడంలో నివాసానికి అధికారులిచ్చే అనుమతి) అడగండి. అవి చేతికి రాకముందు టోకెన్ అడ్వాన్స్ ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.