అమెరికన్ రచయిత నథానియెల్ హాథార్న్ కథ 'ది మినిస్టర్స్ బ్లాక్ వెయిల్'లో పాస్టర్ హూపర్ ముసుగు ఎందుకు తియ్యడు? అసలు ఆయన చేసిన పాపం ఏంటి?

ఆ పాపం ఏంటో కథలో ఎక్కడా చెప్పలేదు, నా ఉద్దేశంలో కథకి ప్రాణం అదే. 1836 నాటి ఈ కథలో హూపర్ ఓ ఆదివారం మొహానికి నల్ల గుడ్డ వేసుకుని చర్చికొస్తాడు, మనుషులు లోపల దాచుకునే పాపాల మీద ప్రసంగం చేస్తాడు, ఇక చచ్చేదాకా ఆ గుడ్డ తియ్యడు. పెళ్లాడాల్సిన ఎలిజబెత్ ఒక్కసారి తియ్యమని బతిమాలినా వినడు. ఆమె వెళ్లిపోతుంది, కానీ చివర్లో మంచం పక్కన సేవ చేసేదీ ఆమే.

ముసుగు మొదట వేసుకున్న ఆదివారం రాత్రే ఊళ్లో ఓ పెళ్లి. వైన్ గ్లాసు పెదాల దాకా ఎత్తిన హూపర్‌కి అద్దంలో తన రూపం కనబడుతుంది. అంతే, ఒళ్లు వణికి, పెదాలు పాలిపోయి, ముట్టని వైన్ కార్పెట్ మీద ఒలికిపోతే చీకట్లోకి పరుగెడతాడు. అంటే ఆ ముసుగుకి ఊరికంటే తక్కువేం భయపడడు ఆయన!

మనిషి పుట్టుకతోనే పాపి అని నమ్మిన ప్యూరిటన్ల (కఠిన నియమాల క్రైస్తవుల) లోకం అది. 1692లో అమెరికాలోని సేలంలో మంత్రగత్తెలన్న నింద మోపి విచారించిన జడ్జీల్లో హాథార్న్ పూర్వీకుడు జాన్ హాథార్న్ ఒకడు, ఆ బరువు రచయిత కథల్లో తెలుస్తూనే ఉంటుంది.

చనిపోయేముందు హూపర్, మీ అందరి మొహాల మీదా నల్ల ముసుగే కనిపిస్తోంది అంటాడు. హాథార్న్ రాసిన 1835 నాటి కథ 'యంగ్ గుడ్‌మాన్ బ్రౌన్' కూడా చదవండి. బ్రౌన్ అడవిలో ఊరందరి పాపం చూశాననుకుని, అది కలో నిజమో తేలకుండానే, భార్యని కూడా జీవితాంతం అనుమానిస్తాడు. హూపర్ మాత్రం ముసుగు ముందు తన మొహానికే వేసుకున్నాడు.