గంజాయి తోటలో ఉద్యోగానికి వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి కార్తీక్‌కు,

మామయ్య ఆశీస్సులు. డెన్వర్‌లో లైసెన్సున్న గంజాయి పెంపకం సంస్థలో ఉద్యోగం వచ్చిందనీ, వచ్చే నెలలో చేరాలనీ రాశావు. అమ్మ కంగారు పడుతోందని కూడా రాశావు. ఆమె భయమంతా పోలీసుల గురించి. నా దిగులు వేరు. నీ ఊపిరితిత్తుల గురించీ, నీ కాగితాల గురించీ. ఈ పనిలో మనుషులు దెబ్బతినేది ఎక్కువగా ఆ రెండు చోట్లే. మొక్కల సంగతి నువ్వు నేర్చుకుంటావు, చదువుకున్నవాడివి.

కాగితాల మాట ముందు తేల్చేద్దాం. డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రంలో ఓటర్లు 2012 నవంబరులో గంజాయిని చట్టబద్ధం చేసే 64వ సవరణకి ఒప్పుకున్నారు, 2014 జనవరి 1న దుకాణాల్లో అమ్మకాలు మొదలయ్యాయి. అది రాష్ట్రం ఇచ్చిన అనుమతి మాత్రమే. 1970 నాటి ఫెడరల్ చట్టం గంజాయిని మాదకద్రవ్యాల మొదటి షెడ్యూల్లో, అంటే అన్నిటికంటే కఠినమైన జాబితాలో పెట్టింది. దాన్ని మూడో షెడ్యూల్‌కి మార్చాలని 2024లో ప్రతిపాదన వచ్చింది కానీ, షెడ్యూల్ మారినంత మాత్రాన రాష్ట్ర లైసెన్సు దుకాణం ఫెడరల్ లెక్కలో చట్టబద్ధం అయిపోదు. నువ్వు అక్కడే పుట్టావు కాబట్టి నీ పౌరసత్వానికి ఢోకా లేదు. నీతోపాటు అప్లై చేద్దామనుకుంటున్న నీ రూమ్మేట్ ఓపీటీలో, అదే స్టూడెంట్ వీసా మీద చదువయ్యాక పనిచేయనిచ్చే అనుమతిలో ఉన్నాడన్నావు చూడు, అతన్ని మాత్రం ఆపు. ఈ వ్యాపారంలో పనిచేశాడని తెలిస్తే వీసాకి, గ్రీన్ కార్డుకి అడ్డం పడొచ్చు. కోర్టులో శిక్ష పడనక్కర్లేదు, అధికారికి నమ్మడానికి కారణం కనిపిస్తే చాలు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకీ గండమే. రాష్ట్ర చట్టం ప్రకారం సక్రమమైన ఉద్యోగమైనా సరే, పౌరసత్వం అడిగినప్పుడు సత్ప్రవర్తన కింద లెక్కకు రాకపోవచ్చని ఇమ్మిగ్రేషన్ శాఖ 2019 ఏప్రిల్‌లో రాతపూర్వకంగానే చెప్పింది. "నేను మొక్క ముట్టుకోను, లెక్కలే రాస్తాను" అనుకుని చేరబోయేవాళ్లు ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగాలి. కంపెనీ హెచ్‌ఆర్ మాట అక్కడ చెల్లదు.

నీకు కూడా కొన్ని తలుపులు మూసుకుంటాయి. సెక్యూరిటీ క్లియరెన్స్ కావాల్సిన ఫెడరల్ ఉద్యోగాలకి వెళ్లే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పు, అప్పుడు సలహా వేరేగా ఉంటుంది. ఇంటి లోను అడిగితే ఈ జీతాన్ని ఆదాయంగా ఒప్పుకోని బ్యాంకులు ఉన్నాయి. చాలా బ్యాంకులు ఈ సంస్థలకి ఖాతాలే ఇవ్వవు కాబట్టి కొన్నిచోట్ల జీతం నగదుగా చేతిలో పెడతారు. నగదైనా సరే, పే స్లిప్పు, ఏడాది చివర డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్ను చూపే పత్రం) ఇచ్చి తీరాలి. ఇవ్వనంటే చేరకు. సంస్థ మునిగిపోతే ఫెడరల్ దివాలా కోర్టు ఈ వ్యాపారాల ముఖం చూడదు, నీ బాకీ జీతం కోసం ఆస్తులు చూసుకోవడానికి రాష్ట్ర కోర్టు నియమించిన రిసీవర్ చుట్టూ తిరగాల్సి వస్తుంది. అందుకని ఒక్క జీతం ఆలస్యమైనా చూసీచూడనట్టు ఊరుకోకు.

సరకు రాష్ట్రం దాటించకూడదు. పక్కనున్న న్యూ మెక్సికోలోనూ చట్టబద్ధమే కదా అనే లెక్క అక్కడ పనికిరాదు. ఇండియా వచ్చేటప్పుడు పనికి వాడిన బ్యాగు, బూట్లు, జాకెట్టు తేవద్దు. గమ్మీ (గంజాయి కలిపిన మెత్తటి మిఠాయి) ఒక్కటైనా, గంజాయి నూనె సీసా ఒక్కటైనా శంషాబాద్‌లో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద కేసే. అక్కడి లైసెన్సు ఇక్కడ ఎవరూ చూడరు.

ఇక పనిలోకి వద్దాం. కొలరాడోలో ప్రతి మొక్కకీ గుర్తింపు ట్యాగు ఉంటుంది, మెట్రిక్ అనే రాష్ట్ర వ్యవస్థలో దాని పుట్టుక నుంచి అమ్మకం దాకా నమోదవుతుంది. కోసిన రోజు పచ్చి బరువు, ఆరాక బరువు, తీసేసిన ఆకు, పారేసిన కాడ, అన్నీ తూచి రాయాలి. చెత్తని కూడా ఊరికే పారేయకూడదు. పొడి చేసి, కనీసం సగం వేరే చెత్త కలిపి, పనికిరాకుండా చేశాకే బయటికి పంపాలి. "తర్వాత ఎక్కిద్దాంలే" అన్న మాట ఆ గదిలో వినిపిస్తే ప్రమాదం మొదలైనట్టే. సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాసిన బరువు ఎప్పుడూ తేడా కొడుతుంది, తేడా వచ్చిన బరువుని తనిఖీకి వచ్చినవాడు దొంగతనంగానే చూస్తాడు. తూచిన చోటే, తూచిన నిమిషమే రాయి. ప్రతి ఉదయం త్రాసుని ప్రమాణ బరువుతో సరిచూడు. నీ లాగిన్ ఎవరికీ ఇవ్వకు, పై అధికారి అడిగినా సరే. ఎక్కించింది ఎవరైనా, రికార్డులో ఉండేది నీ పేరే.

పెంపకంలో ఎక్కువ నష్టం బయటి నుంచి తెచ్చిన అంట్లతో, అంటే నాటడానికి కోసిన కొమ్మలతో వస్తుంది. హాప్ లేటెంట్ వైరాయిడ్ అని ఒకటుంది, వైరస్ కంటే చిన్న రోగకారకం. అది సోకిన మొక్క చూడ్డానికి బాగానే ఉంటుంది, పూతకొచ్చాక మాత్రం మొగ్గ చిన్నదై, బంక తగ్గి, దిగుబడి పడిపోతుంది. కత్తెరలో అంటుకున్న రసంతో ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి పాకుతుంది. ఆల్కహాల్‌తో తుడిస్తే ఇది చావదు. చాలామంది తుడిచి శుభ్రమైపోయిందనుకుంటారు. ఇళ్లలో వాడే బ్లీచ్ ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి అందులో ముంచాలి. రెండు కత్తెరలు పెట్టుకో, ఒకటి నానుతుండగా రెండోది వాడు, మొక్క మారినప్పుడల్లా కత్తెర మార్చు. ఆ ద్రావణం రోజూ కొత్తగా కలుపుకోవాలి, నిలవుంటే పస తగ్గిపోతుంది. కొత్త అంట్లని వేరే గదిలో ఉంచి, పీసీఆర్ పరీక్ష అయ్యాకే లోపలికి రానివ్వాలి. పరీక్షకి ఆకు కంటే వేరు ముక్క పంపడం నయం, వైరాయిడ్ వేరులో త్వరగా దొరుకుతుంది.

ఎదిగే దశలో 18 గంటల వెలుగు, పూత దశలో సరిగ్గా 12 గంటల వెలుగు, 12 గంటల చీకటి. ఆ చీకటి నిజంగా చీకటిగా ఉండాలి. తలుపు సందులోంచి వెలుగు పడినా, యంత్రం మీది చిన్న దీపం వెలుగుతూ ఉన్నా కొన్ని రకాల్లో ఆడమొక్క మీదే మగ కేసరాలు పుడతాయి. పసుపుపచ్చగా, చిన్న అరటికాయల్లా కనిపిస్తాయి. ఒక్క మొక్కని వదిలేస్తే గది మొత్తానికి గింజ పడుతుంది. దీపాలార్పి, తలుపేసుకుని, కళ్లు చీకటికి అలవాటుపడేదాకా లోపల నిలబడు. అప్పుడు వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో అదే కనపడుతుంది.

కొబ్బరి పొట్టులోనో రాక్‌వూల్‌లోనో (రాతిని కరిగించి తీసిన దూది) పెంచితే నీటి పీహెచ్ 5.8 నుంచి 6.2 మధ్య ఉంచాలి. మీటరుని వారానికోసారి పీహెచ్ 4, 7 ప్రమాణ ద్రావణాలతో సరిచూడు. పోసిన నీటి ఈసీ (నీటిలో కరిగిన లవణాల కొలత), కింద కారిన నీటి ఈసీ రెండూ రాసుకో. కారిన నీటిది రోజురోజుకీ పెరుగుతుంటే వేరు దగ్గర ఉప్పు పేరుకుంటోందని అర్థం. ఆకు అంచు మాడటం చూసి ఇంకా ఎరువు కావాలేమో అనుకుని ఎరువు పెంచేవాళ్లు సరిగ్గా ఇక్కడే పంట పోగొట్టుకుంటారు.

తేమ గురించి ఎంత చెప్పినా తక్కువే. మొక్కకి పోసిన నీటిలో దాదాపు అంతా ఆకుల గుండా గాలిలోకే వస్తుంది. రోజుకి 400 లీటర్లు పోస్తే, కిందికి కారింది పోను మిగతాదంతా డీహ్యూమిడిఫయర్లు (గాలిలో తేమ లాగే యంత్రాలు) తోడాల్సిందే. పూత మొదట్లో 55-60 శాతం తేమ ఉన్నా పర్వాలేదు, చివరి మూడు వారాల్లో 45-50కి దించాలి. బూజు పట్టేది దీపాలు ఆరిన మొదటి గంటలో. అప్పుడు వేడి తగ్గుతుంది, అదే తేమతో చల్లటి గాలి నిండిపోతుంది, దట్టమైన పూగుత్తి లోపల చెమ్మ చేరి కుళ్లు మొదలవుతుంది. పైకి కనపడేసరికి లోపలంతా బూడిదరంగు. అందుకని దీపాలు ఆరడానికి అరగంట ముందే యంత్రాలు పూర్తి జోరుమీద నడవాలి. తేమ మీటరు గోడకి కాదు, మొక్కల గుబురు మధ్య వేలాడాలి. ఆ మీటరు నిజం చెప్తోందో లేదో చూడాలంటే ఒక మూతలో మామూలు ఉప్పు పోసి, తడి ముద్దలా నీళ్లు కలిపి, మీటరుతోపాటు డబ్బాలో పెట్టి గాలి చొరకుండా మూసి, గది వేడిలో ఓ రాత్రి ఉంచు. 75 శాతం చూపించాలి. ఎంత తేడా చూపితే అంత సవరించుకో.

బూడిద తెగులుకీ ఎర్రనల్లికీ చేతికందిన మందు కొట్టకూడదు. మైక్లోబ్యుటానిల్ ద్రాక్ష తోటల్లో వాడే మందే, గంజాయి మీద కొడితే మాత్రం కాల్చినప్పుడు హైడ్రోజన్ సయనైడ్ వస్తుంది. 2015లో డెన్వర్ నగరం ఇలాంటి మందుల వల్లే వేల మొక్కలని అమ్మకుండా ఆపేసింది. కొలరాడో వ్యవసాయ శాఖ జాబితాలో ఉన్నవే వాడాలి. మందు కొట్టిన గదిలోకి లేబులు మీద రాసిన గంటలు గడవకుండా అడుగుపెట్టకు, ఎవరు తొందరపెట్టినా సరే.

ఆరబెట్టడం మన ప్రకాశం జిల్లా పొగాకు బ్యారన్‌లో వేడి ఎక్కించినట్టు కాదు. 60 డిగ్రీల ఫారెన్‌హీట్, 60 శాతం తేమ, చీకటి, 10 నుంచి 14 రోజులు. ఫ్యాను గాలి గదిలో తిరగాలి కానీ పూల మీదికి సూటిగా కొట్టకూడదు. తొందరపడి వేడి పెంచితే పైన గలగలలాడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది, డబ్బాలో పెట్టిన రెండు రోజులకి అమ్మోనియా వాసన కొడుతుంది. ఆ వాసన వస్తే వెంటనే డబ్బాలు తెరిచి మళ్లీ ఆరబెట్టాలి. కాడ విరగడం ఒక సూచన, అంతే. నమ్మాల్సింది వాటర్ యాక్టివిటీ మీటరుని, అది బూజుకి అందే తేమ ఎంతుందో చెప్తుంది. 0.55 నుంచి 0.65 మధ్య ఉండాలి. పైకి పోతే బూజు, కిందికి పోతే సువాసన పోయి బంక రాలిపోతుంది. పచ్చి బరువులో నాలుగో వంతో ఐదో వంతో మిగులుతుంది. అంతకంటే బాగా తగ్గితే ఎందుకు తగ్గిందో అదే రోజు కాగితం మీద పెట్టు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలచింది. ఈ మొక్క దుమ్ము మనిషికి పడకపోవచ్చు. 2022 జనవరిలో మసాచుసెట్స్‌లో లైసెన్సున్న ఒక కేంద్రంలో, పూలని పొడిచేసి చుట్టలు నింపే చోట పనిచేస్తున్న అమ్మాయి ఉబ్బసంతో చనిపోయింది. ఇంకా ఇరవైల్లోనే ఉంది. గ్రైండరు దగ్గర లేచే దుమ్ము కంటికి కనపడేంత ఉండక్కర్లేదు. పనికెళ్లిన రోజు ముక్కు కారడం, కళ్లు దురద, చేతుల మీద దద్దుర్లు, సాయంత్రానికి దగ్గు, సెలవు రోజు తగ్గిపోవడం, ఇదీ వరస. ఇది జలుబు కాదు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లి ఏం పని చేస్తున్నావో దాచకుండా చెప్పు, ఇన్‌హేలర్ తెచ్చుకుని అదే బల్ల దగ్గర కూర్చోకు, చోటు మార్చమని రాతలో అడుగు. మార్చకపోతే ఉద్యోగం మానెయ్, నేను నీకు తోడుంటాను. గ్రైండరు పక్కనే దుమ్ము లాగేసే గొట్టం ఉందా అని చేరేముందే అడుగు. చీపురుతో ఊడ్చినా, గాలి గొట్టంతో ఊదినా దుమ్ము మళ్లీ లేస్తుంది, సన్నటి దుమ్మునీ పట్టే ఫిల్టరున్న హెపా వాక్యూమ్‌తోనే తీయాలి. ఎన్-95 మాస్కు ముఖానికి సరిపడిందో లేదో ఫిట్ టెస్టు చేయించాలి, గడ్డం ఉంటే అది సరిగ్గా ఆనదు. మొదటి నెల నైట్రైల్ గ్లౌజులూ పొడుగు చేతుల చొక్కా లేకుండా ఉండకు.

మూసిన గదుల్లో ఎదుగుదల కోసం కార్బన్ డయాక్సైడ్ వెయ్యి, పన్నెండొందల పీపీఎం దాకా వదులుతారు. ఎనిమిది గంటల పనికి చట్టం ఒప్పుకునే హద్దు 5000. వాల్వు ఇరుక్కుంటే ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు. అలారం తలుపు బయట కూడా కనిపించాలి, మోగుతుండగా ఒంటరిగా లోపలికి పోకూడదు, పడిపోయినవాణ్ణి లాగడానికైనా సరే. ముందు బయటి గాలి లోపలికి రానివ్వాలి. బ్యూటేన్‌తో నూనె తీసే గదికి శిక్షణ లేకుండా వెళ్లనని ముందే చెప్పెయ్. ఆ గ్యాసు గాలి కంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. గ్యాసు సెన్సరు నేలకి దగ్గరగా ఉందో లేదో చూస్తే ఆ యజమాని ఎలాంటివాడో తెలిసిపోతుంది.

ఎప్పుడైనా దుకాణం వైపు నిలబెడితే రెండు సంగతులు. తినే సరకు కొత్తవాళ్లకి 2.5 నుంచి 5 మిల్లీగ్రాములు దాటి చెప్పకు, రెండు గంటలు ఆగమను, జబ్బు తగ్గుతుందని మాత్రం ఎప్పుడూ అనకు. ఒకే మనిషి ఒకే రోజు మళ్లీ మళ్లీ వచ్చి హద్దు దాటి కొంటుంటే అమ్మకు. 2017 డిసెంబరులో డెన్వర్‌లో ఇదే కారణంతో దాడులు జరిగినప్పుడు కౌంటరు దగ్గర నిలబడ్డ ఉద్యోగులనీ అరెస్టు చేశారు.

కొలరాడోలో అమ్మకాలు 2021లో 220 కోట్ల డాలర్ల పైన ఉన్నవి 2023కి 150 కోట్లకి పడిపోయాయి. ధర పడినప్పుడు ముందు కోత పడేది ట్రిమ్మర్ల మీద, అంటే పూల చుట్టూ ఆకు కత్తిరించేవాళ్ల మీద. కాబట్టి కత్తెర దగ్గరే ఆగిపోకుండా నీటిపారుదల, వాతావరణ నియంత్రణ నేర్చుకో. అవి వస్తే టమాటా గ్రీన్‌హౌసులోనైనా పని దొరుకుతుంది. ట్రిమ్మింగుకి పౌను లెక్కన కూలి ఇస్తామంటే, గంటలతో భాగించి కనీస వేతనానికి తగ్గలేదని చూసుకో. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు నాకు ఫొటో తీసి పంపు. జీతం ఎలా ఇస్తారు, ఆరోగ్య బీమా ఏ రోజు నుంచి మొదలవుతుంది అన్న పేరాలు ఇద్దరం కలిసి చదువుదాం.

ఆశీస్సులతో,
మామయ్య