సంక్రాంతి ఊరిని చూసి లెక్క వేయొద్దు

ప్రశ్న: మాది కవిటి దగ్గర పల్లె. వయసు 27. డిగ్రీ అయ్యాక ఊళ్ళోనే ఉండిపోయాను. ఎకరంన్నర కొబ్బరి తోట. 2018 తిత్లీ తుపానులో చెట్లు కూలిన చోట నాన్న పెట్టిన మొక్కలు ఇప్పుడే గెలలు వేస్తున్నాయి. హైదరాబాద్‌లో 22 వేల జీతానికి రమ్మంటున్నారు. ఊళ్ళో ఊపిరాడదు, అక్కడ స్నేహితుడి గదిలో నాలుగు రోజులుంటే ధ్యాసంతా ఊరి మీదే. వెళ్ళమంటారా?

జవాబు: వెళ్ళండి, కానీ మూడు నెలలకని చెప్పి వెళ్ళండి. స్నేహితుడి గదిలో నాలుగు రోజులున్నప్పుడు చూసింది అద్దె కట్టక్కర్లేని హైదరాబాద్. పండక్కి అందరూ దిగినప్పుడు ముద్దొచ్చేది వేరే ఊరు. పని దొరకని రోజుల్లో మీ పల్లె ఎలా ఉంటుందో, నెలాఖరు రోజుల్లో ఆ గది ఎలా ఉంటుందో పక్కపక్కన పెట్టి చూడండి.

డబ్బు ముందు. గది అద్దె, రెండు నెలల అడ్వాన్సు, తొలి జీతం వచ్చేదాకా తిండి ఖర్చు చేతిలో ఉండాలి. నెల మధ్యలో చేరితే మొదటి జీతం సగమే వస్తుంది. చాలామంది అప్పు మొదలయ్యేది అక్కడే. రైలు టికెట్లు 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుస్తారు. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ పలాసలో ఆగుతుంది గానీ, సంక్రాంతి టికెట్టు కోసం జనవరిలో వెతికితే దొరకదు.

ఇక తోట. అసలు చిక్కు ఇదే. నాటు రకం కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అంత ఆగి, కాపు మొదలయ్యే వేళకు పరాయి చేతికి ఇస్తే నష్టం మీదే. కౌలుదారుకు ఈ ఏటి కాయ కావాలి, చెట్టు ఆరోగ్యం కాదు. పాత మొద్దులూ పెంటకుప్పలూ తోటలో కుళ్ళుతుంటే కొమ్ము పురుగు వాటిలోనే గుడ్లు పెడుతుంది. తర్వాత మొవ్వు తొలిచేస్తుంది; కొత్త ఆకు కత్తెరేసిన విసనకర్రలా విప్పుకుంటే అదే గుర్తు. మొద్దులు తీసేయించాకే ఇవ్వండి. కౌలు ఏడాదికే రాయండి, ఎరువు ఎవరు వేయాలో అందులో ఉండాలి. మూడు నెలల పరీక్షకైతే కౌలే వద్దు: కాయ దింపేవారికి కూలీ ఇచ్చి, లెక్క నాన్నగారినే చూసుకోనివ్వండి.

మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం కాబట్టి ఇంకో మాట. బయల్దేరే ముందు అమ్మానాన్నలకు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పి లేకుండానే ముదురుతుంది. ఫోన్‌లో ‘బాగానే ఉన్నాం’ అన్న మాటను నమ్మి కూర్చోవద్దు.

ఓటు, పాస్‌బుక్కు, రేషన్ కార్డు ఈ మూడు నెలలూ కదపొద్దు. నిలదొక్కుకున్నాక ఓటు మార్చుకోవడానికి ఫారం 8 సరిపోతుంది. మూడో నెలాఖరున చేతిలో ఎంత మిగిలిందో, ఎన్నిసార్లు ఊరికి రావాలనిపించిందో రెండూ ఒకే కాగితం మీద రాయండి.

ప్రశ్న: విజయనగరం వదలబుద్ధి కాదు, ఉద్యోగం విశాఖలో. రోజూ తిరగొచ్చా?

జవాబు: 60 కిలోమీటర్లే, చాలామంది తిరుగుతున్నారు. కానీ ఆఫీసు ఎటువైపో చూసుకోండి. రైలు కొత్తవలస, పెందుర్తి మీదుగా వెళ్తుంది; బస్సు ఆనందపురం, మధురవాడ మీదుగా. మధురవాడలో పనికి రైలెక్కితే ఊరు దాటిపోయి వెనక్కి రావాలి. గాజువాక వైపైతే స్టేషన్లో దిగాక మళ్ళీ బస్సు, ఆ గంటే మనిషిని అలసిపోయేలా చేస్తుంది. వాళ్ళకు అక్కడే గది మేలు. సీజన్ టికెట్టు రిజర్వుడు పెట్టెలకు చెల్లదు, సూపర్‌ఫాస్ట్‌కు అదనపు చార్జీ కట్టాలి.