అయిదో సీటీ స్కాన్ రాశారు, వద్దనొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మాయికి 17 ఏళ్లు. బ్లడ్ క్యాన్సర్‌కి ఏడు నెలల క్రితం వాళ్ల తమ్ముడి మూలకణాలతో మార్పిడి చేశారు. దానికి ముందు మూడు రోజులు ఒళ్లంతా రేడియేషన్ ఇచ్చారు. ఆసుపత్రిలో తీసినవన్నీ నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను: ఛాతీ ఎక్స్‌రేలు 23, ఛాతీ సీటీలు 3, పొట్ట సీటీ 1. ఎక్కించే రక్తం సంచి మీద కూడా రేడియేషన్ అని స్టిక్కర్ ఉండేది. ఇప్పుడు రెండు వారాలుగా పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. మళ్లీ ఛాతీ సీటీ రాశారు. ఇన్ని తీయిస్తే మళ్లీ క్యాన్సర్ వస్తుందని చుట్టాలు అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఈ స్కాన్ వద్దని చెప్పొచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: వద్దనకండమ్మా. ఈ వారంలోనే చేయించండి.

మార్పిడి అయిన ఏడో నెలలో పొడి దగ్గు, ఆయాసం అంటే మాకు రెండు అనుమానాలు వస్తాయి. ఒకటి ఇన్ఫెక్షన్. రెండోది, తమ్ముడి కణాలు అక్క ఊపిరితిత్తుల్ని పరాయివనుకుని దెబ్బతీయడం. జీవీహెచ్‌డీ అనే మాట మీరు వినే ఉంటారు. అది ఊపిరితిత్తుల్లో సన్నటి గాలి గొట్టాలను మూసేస్తుంది. మూసుకున్నవి మళ్లీ తెరుచుకోవడం చాలా కష్టం, అందుకే ఈ తొందర. ఎక్స్‌రేలో ఇది చాలాసార్లు కనబడదు. సీటీలో ఊపిరి పీల్చినప్పుడు ఒకసారి, వదిలాక ఒకసారి తీస్తారు. వదిలినా గాలి బయటికి పోని చోట్లు నల్లగా మిగిలిపోతాయి. గొట్టంలోకి గట్టిగా ఊదించే పీఎఫ్‌టీ కూడా చేయించండి. దానికి రేడియేషన్ లేదు, ఈ జబ్బు పట్టుకోవడానికి అది ఉండి తీరాలి.

ఇక మీ నోట్‌బుక్ సంగతి. 23 ఎక్స్‌రేలు చూసి బెంగపడ్డారు గానీ, ఒక్కోటి ఎక్కువలో ఎక్కువ 0.1 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే లెక్క ఇది). అన్నీ కలిపినా 2.3. ఏ పరీక్షా లేకుండా ఇంట్లో కూర్చున్నా నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 తగులుతుంది. లెక్కలోకి వచ్చేవి సీటీలే. ఛాతీకి 5 నుంచి 7, పొట్టకి 8 నుంచి 10. మీ అమ్మాయివి నాలుగూ కలిపితే ఎక్కువలో ఎక్కువ 31. దాంతో ఏమీ కాదని మిమ్మల్ని మభ్యపెట్టను. 100 మిల్లీసీవర్ట్‌లు తగిలితే జీవితకాలంలో నూటికి ఒకరికి అదనంగా క్యాన్సర్ రావచ్చని నిపుణుల అంచనా. చిన్న వయసులో ఆ ముప్పు ఇంకొంచెం ఎక్కువ.

కానీ మార్పిడికి ముందు ఒళ్లంతా ఇచ్చే రేడియేషన్ మామూలుగా 12 గ్రే ఉంటుంది (గ్రే అంటే ఒళ్లు పీల్చుకున్న రేడియేషన్ కొలత). ఒక ఛాతీ సీటీలో ఊపిరితిత్తులకి తగిలేదానికి అది సుమారు వెయ్యి రెట్లు. ముందు ముందు మరో క్యాన్సర్ ముప్పు ఉంటే చాలావరకు దాని నుంచి, కీమో నుంచి, ఏళ్ల తరబడి ఉండే జీవీహెచ్‌డీ నుంచే. అందుకని ఏటా థైరాయిడ్, చర్మం, నోరు చూపించండి. 25 ఏళ్లు వచ్చాక రొమ్ము పరీక్షలు మొదలుపెట్టించండి. మీ భయాన్ని అక్కడ ఖర్చు పెట్టండమ్మా, ఈ స్కాన్ మీద కాదు.

రక్తం సంచి గురించి అసలు దిగులొద్దు. దాత తెల్లకణాలు మీ అమ్మాయి ఒంట్లో పెరగకుండా ముందే కిరణాలతో ఆపుతారు. ఎండలో ఆరేసిన బట్టలో ఎండ మిగలదు కదా, అలాగే ఆ రక్తంలో రేడియేషన్ మిగలదు.

ఒక తండ్రి నాకు ఇప్పటికీ గుర్తు. కొడుకు ఎక్స్‌రే ఫిల్మును ట్యూబ్‌లైటుకి అడ్డంగా పట్టుకుని, "శుభ్రంగా ఉంది కదమ్మా, ఇంకా స్కాన్ ఎందుకు?" అన్నాడు. పిల్లాడికి తెల్లకణాలు దాదాపు లేవు. యాంటీబయాటిక్స్ మొదలుపెట్టి నాలుగో రోజు, జ్వరం దిగలేదు. మర్నాడు ఒప్పుకున్నాడు. సీటీలో కుడివైపు గోళీకాయంత గడ్డ, దాని చుట్టూ పలచటి పొగలాంటి వలయం. ఫంగస్. మందు ఆ సాయంత్రమే మార్చారు.

అలాగని స్కాన్లన్నీ అవసరమేనని అనను. నేను ఈ పనిలో చేరిన కొత్తలో, జ్వరం వస్తే చాలు ఛాతీ, పొట్ట, సైనస్ అన్నిటికీ కలిపి సీటీ తీసేవాళ్లం. నేనూ సంతకాలు పెట్టాను. వాటిలో చాలావాటికి ఛాతీ ఒక్కటే సరిపోయేదని ఇప్పుడు బాధగా ఉంటుంది. అందుకే మీరు అడగండి. "ఈ స్కాన్ చూసి మందు మారుస్తారా?" అనండి. కాలేయానికైతే అల్ట్రాసౌండ్, గుండెకైతే ఎకో సరిపోతుందేమో అడగండి. ఇప్పుడైతే ఛాతీ ఒక్కటే, కాంట్రాస్ట్ (స్కాన్ కోసం నరంలోకి ఎక్కించే మందు) లేకుండా, తక్కువ డోసులో కుదురుతుందా అని కనుక్కోండి. పాత సీడీలు వెంట తీసుకెళ్లండి, పోల్చడానికి లేక మళ్లీ తీసే అవస్థ తప్పుతుంది. స్కాన్ అయ్యాక మెషిన్ డీఎల్‌పీ అనే అంకె చూపిస్తుంది, ఆ స్కాన్‌లో మొత్తం ఎంత రేడియేషన్ వాడారో అది చెబుతుంది. టెక్నీషియన్‌ని అడిగి అది కూడా నోట్‌బుక్‌లో ఎక్కించండి.

రిపోర్టు, పీఎఫ్‌టీ కాగితం రెండూ మార్పిడి చేసిన డాక్టరు గారికి అదే రోజు చూపించండి. ఈలోపు జ్వరం 100.4 దాటినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.