ఎప్‌కాట్ తిండి పండగ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఫ్లోరిడాలోని ఓర్లాండో దగ్గర డిస్నీ వరల్డ్‌లో నాలుగు పార్కులున్నాయి. 1982లో తెరిచిన ఎప్‌కాట్ వాటిలో ఒకటి. అందులో జరిగే ఫుడ్ అండ్ వైన్ ఫెస్టివల్ 1996లో మొదలైంది. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు వెళ్లే కాలమూ, ఈ పండగ కాలమూ చాలా ఇళ్లలో ఒకటే కావడంతో దీనిమీద ఉత్తరాలు ఎక్కువగానే వచ్చాయి. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: సెప్టెంబరు చివర్లో నలుగురం వెళ్లాలనుకుంటున్నాం. పార్కు టికెట్ కాకుండా ఫెస్టివల్‌కు వేరే టికెట్ తీసుకోవాలా? ఏ రోజు వెళితే రద్దీ తక్కువ? (అట్లాంటా)

వేరే టికెట్ లేదు. ఆ రోజు ఎప్‌కాట్‌లోకి వెళ్లే టికెట్ ఉంటే చాలు, ఫెస్టివల్ లోపలే ఉంటుంది. తిండికి మాత్రం స్టాల్ స్టాల్‌కూ డబ్బు కట్టాలి. మూడేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. ఈమధ్య సంవత్సరాల్లో పండగ ఆగస్టు ఆఖరున మొదలై నవంబరు మూడో వారం దాకా నడుస్తోంది. టికెట్ ధర తేదీని బట్టి మారుతుంది కాబట్టి ముందు తేదీ చూసుకుని, ఆ తర్వాతే విమానం టికెట్లు కొనండి.

సోమవారం నుంచి గురువారం లోపల వెళ్లండి. శుక్రవారం సాయంత్రం నుంచి ఏడాది పాస్ ఉన్న ఓర్లాండో వాళ్లంతా ఆఫీసు నుంచి తిన్నగా ఇక్కడికే వస్తారు. శనివారం సాయంత్రమైతే మన ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ ఆఖరి ఆదివారమే గుర్తొస్తుంది. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే, అక్టోబరు రెండో సోమవారం కొలంబస్ డే. ఆ రెండు వారాంతాలూ వదిలేయండి.

పార్కు ముందు భాగం పొద్దున్నే తెరిచినా, సరస్సు చుట్టూ ఒక్కో దేశం పేరిట కట్టిన పెవిలియన్లుండే వరల్డ్ షోకేస్ మామూలుగా 11 గంటలకు తెరుస్తారు. 11 నుంచి ఒంటిగంట దాకా లైన్లు చిన్నవిగా ఉంటాయి. అందుకని పొద్దున రైడ్లు చూసుకుని, 11 కల్లా సరస్సు దగ్గరికి చేరుకోండి. ఉదయం టిఫిను సగమే తినండి.

ప్రశ్న: మా అత్తయ్యగారు, మామయ్యగారు పూర్తి శాకాహారులు. మామయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. అక్కడ వాళ్లకు తినడానికి ఏమైనా దొరుకుతుందా? (ప్లేనో, టెక్సస్)

దొరుకుతుంది. కానీ దాంతోనే కడుపు నిండుతుందన్న ఆశ పెట్టుకోకండి.

మెనూ బోర్డు మీద కొన్ని వంటల పక్కన ఆకు గుర్తు ఉంటుంది. అంటే మాంసం, పాలు, గుడ్డు, తేనె ఏవీ వాడలేదని. మామయ్యగారికి అదే సులువైన దారి. ఆకు గుర్తు లేని వంటలో మాంసం కనబడలేదు కదా అని శాకాహారం అనుకోవద్దు. మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కెనడా స్టాల్లో ఎంతో పేరున్న చీజ్ సూప్ చూడటానికి చిక్కటి పప్పులా పచ్చగా, అమాయకంగా ఉంటుంది. కానీ అందులో బేకన్, అంటే పంది మాంసం, వేస్తారు. జపాన్ వంటల్లో రసం, సాస్ చాలావరకు ఎండు చేపతో కాచిన నీళ్లతో చేస్తారు. థాయ్ తరహా వంటల్లో ఫిష్ సాస్ ఉంటుంది. మూస్, పన్నకోటా లాంటి మెత్తటి స్వీట్లు గడ్డకట్టడానికి జెలటిన్ వేస్తారు. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. పర్మిజాన్ లాంటి గట్టి చీజ్‌ను దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు. ఇవి పట్టించుకునే వాళ్లూ ఉంటారు, పట్టించుకోని వాళ్లూ ఉంటారు. అది వాళ్లిష్టం, కానీ తినేముందు తెలియాలి.

కౌంటర్లో ‘వెజిటేరియన్’ అని ఒక్క మాటతో సరిపెట్టకండి. అమెరికాలో ఆ మాటలో గుడ్డు కలిసే ఉంటుంది. ‘నో మీట్, నో ఫిష్, నో ఎగ్, నో చికెన్ బ్రాత్’ అని విడివిడిగా చెప్పండి. ఏ వంటలో ఏమేం పడతాయో రాసిన అలర్జీ వివరాలు స్టాల్లో అడిగితే చూపిస్తారు. ‘ఒకే నూనెలో వేయిస్తారా’ అని కూడా అడగండి. స్టాల్ వంటగది మన టిఫిన్ బండి కంటే పెద్దదేమీ కాదు. రొయ్యలకొక మూకుడు, బంగాళాదుంపలకొక మూకుడు పెట్టే చోటుండదు.

‘ఇండియా స్టాల్ ఉందట కదా’ అని చాలామంది అడుగుతున్నారు. వరల్డ్ షోకేస్‌లో శాశ్వతంగా ఉన్న 11 పెవిలియన్లలో ఇండియా లేదు. పండగ రోజుల్లో మాత్రం చాలా ఏళ్లుగా ఆ పేరుతో స్టాల్ పెడుతున్నారు. మెనూ ఏటా మారుతుంది. వెళ్లేముందు డిస్నీ యాప్‌లో ఆ ఏటి మెనూ చూసుకోండి. ఉన్నా కూడా కారం, ఉప్పు అమెరికన్ నాలుకకు తగ్గట్టే ఉంటాయి. అత్తయ్యగారు ‘ఇదేం కూరే’ అంటే వంటవాడి తప్పు కాదు.

అందుకే మా సలహా: డబ్బా కట్టుకుని వెళ్లండి. బయటి తిండి లోపలికి తీసుకెళ్లొచ్చని చాలామందికి తెలియదు. మద్యం తేకూడదు, గాజు సీసాలు తేకూడదు. ఆవకాయ గాజు సీసాలో ఉంటే గేటు దగ్గరే ఆగిపోతుంది, ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి. కూలర్ బ్యాగు 24 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు దాటకూడదు. విడి ఐసు ముక్కలు, డ్రై ఐసు ఒప్పుకోరు. ఫ్రీజర్లో గడ్డకట్టించే జెల్ ప్యాకులు పెట్టుకోండి.

పులిహోర ఎండకు కాస్త తట్టుకుంటుంది. దద్దోజనం అలా కాదు. వేడన్నంలో పెరుగు కాకుండా కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా పోసి, ఒక చెంచాడు పెరుగు తోడు వేసి కలపండి. మధ్యాహ్నానికి పులవకుండా కమ్మగా ఉంటుంది. ఇదంతా జెల్ ప్యాకుల మధ్య చల్లగా ఉంటేనే. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజున చల్లదనం లేని డబ్బాలో గంటకు మించి ఉన్న పెరుగన్నం పారేయాల్సిందే. నంజుకోవడానికి ఉల్లిపాయ ముక్కలు వద్దు, త్వరగా వాసనొస్తుంది. తినడానికి ద ల్యాండ్ పెవిలియన్లో సన్‌షైన్ సీజన్స్ అనే ఫుడ్ కోర్టు దగ్గర ఏసీలో కుర్చీలుంటాయి. ఒంటిగంట రద్దీ కాకముందో, రెండున్నర తర్వాతో వెళ్లండి.

ప్రశ్న: ఇద్దరికి ఎంత ఖర్చవుతుంది? ఎన్ని ప్లేట్లు తినగలం? (చార్లెట్)

ఒక్కో ప్లేటు అరచేతిలో ఇమిడే కాగితపు ప్లేటు, అందులో మూడు నాలుగు ముద్దలు. ధర ఎక్కువగా 5 నుంచి 10 డాలర్ల మధ్య. ఇద్దరు కలిసి 8 ప్లేట్లు, సగటున ఏడున్నర చొప్పున 60 డాలర్లు. వైనో బీరో నాలుగు చిన్న గ్లాసులు ఎనిమిదేసి చొప్పున 32. మొత్తం 92. దానిమీద ఆరెంజ్ కౌంటీ పన్ను ఆరున్నర శాతం, దాదాపు 6. అంటే 98 డాలర్లు. స్టాళ్లలో టిప్పు ఇవ్వక్కర్లేదు. కారుకు పార్కింగ్ విడిగా లెక్కేసుకోండి.

చాలామంది చేసే తప్పు, ఇద్దరూ చెరో ప్లేటు కొనడం. ఒక ప్లేటు, రెండు ఫోర్కులు. నచ్చితే రెండోది కొనొచ్చు. రెండో తప్పు, మొదటి మూడు స్టాళ్లలోనే చీజ్, వేపుడు, సూప్ వరసగా తినేయడం. నాలుగో స్టాల్ దగ్గర ఆకలి చచ్చిపోతుంది, ఇంకా ఏడు దేశాలు మిగిలుంటాయి. పుల్లగా, చల్లగా ఉండేవి ముందు, బరువైనవి తర్వాత, స్వీటు ఆఖరున.

కౌంటర్లో డబ్బు కడితే చిన్న చీటీ ఇస్తారు. అది పట్టుకుని పక్క కిటికీ దగ్గర వంట తీసుకోవాలి. ఒకరు లైన్లో నిలబడితే ఇంకొకరు బల్ల పట్టుకోండి. బల్లలన్నీ నిలబడి తినేంత ఎత్తులో ఉంటాయి, అవీ కొద్దే. మూడు ముద్దల కోసం 20 నిమిషాలు మించి నిలబడాల్సి వస్తే పక్క స్టాల్‌కు నడవండి.

చేయి అదుపులో లేదనుకుంటే, చేతికి తగిలించుకునే గిఫ్ట్ కార్డు అమ్ముతారు. వంద డాలర్లు వేసుకుని, అది అయిపోగానే ఆగిపోండి. మంచినీళ్లు కొనకండి. పార్కులో మామూలు ఫుడ్ కౌంటర్ల దగ్గర అడిగితే ఐసు వేసిన నీళ్ల గ్లాసు ఉచితంగా ఇస్తారు.

ప్రశ్న: నేనూ మా ఆయనా ఎప్పుడో తప్ప తాగం. వైన్ రుచి చూడాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి? పాస్‌పోర్టు అడుగుతారట, నిజమేనా? (ఇర్వింగ్)

ఇక్కడ రెండు పాస్‌పోర్టులుంటాయి. ఒకటి స్టాళ్ల జాబితా ఉన్న ఉచిత చిన్న పుస్తకం, దాని పేరూ పాస్‌పోర్టే. రెండోది మీ అసలుది. 21 ఏళ్లు నిండాయని రుజువు లేకుండా మద్యం అమ్మరు. అమెరికా డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే అది చాలు. ఇండియా నుంచి వచ్చిన వాళ్లయితే అసలు పాస్‌పోర్టు చూపాలి. ఫోనులో ఫొటో, ఆధార్ కార్డు చెల్లవు. మీ గ్లాసు 21 నిండని వాళ్లకు ఇవ్వడం నేరం.

తెల్ల వైన్, బుడగల వైన్ ముందు, ఎర్రవి తర్వాత, తియ్యటివి ఆఖరున. తియ్యటిది ముందు తాగితే తర్వాతి వైన్ అంతా పుల్లగా, వగరుగా తోస్తుంది. కారం తిన్నప్పుడు ఘాటైన ఎర్ర వైన్ వద్దు. మంట ఇంకా పెరుగుతుంది. కాస్త తియ్యగా, చల్లగా ఉండే రీస్లింగ్ అనే తెల్ల వైన్ సరిపోతుంది.

11 దేశాల్లో ఒక్కో గ్లాసు తాగుతామని పందెం వేసుకునే కుర్రాళ్లు కనిపిస్తారు. లెక్క చూడండి. బీరు చిన్న గ్లాసు ఆరు ఔన్సులు, మామూలు 12 ఔన్సుల డబ్బాలో సగం. పదకొండు గ్లాసులంటే అయిదున్నర డబ్బాలు, ఎండలో, కాలినడకన. నీరసించి కూలబడేది ఎక్కువగా వీళ్లే. ఐసు గోలాలా మెత్తగా ఉండే ఫ్రోజెన్ డ్రింకులతో మరీ జాగ్రత్త. తీపిలో మద్యం తెలియదు. ప్రతి గ్లాసుకూ ఒక గ్లాసు నీళ్లు తాగండి.

ఇక ముఖ్యమైనది. ఫ్లోరిడాలో రక్తంలో మద్యం 0.08 శాతం చేరితే నడపడం నేరం. హెచ్-1బి (ఉద్యోగ), ఎఫ్-1 (చదువు) వీసాల మీద ఉన్నవాళ్లకు జరిమానాతో పోదు. తాగి నడిపినందుకు అరెస్టయితే, కోర్టులో శిక్ష పడకపోయినా, అమెరికా విదేశాంగ శాఖ వీసాను రద్దు చేయగలదు. తర్వాత ఇండియా వస్తే మళ్లీ వీసా స్టాంపింగ్ కోసం కాన్సులేట్ మెట్లెక్కాలి. ఇద్దరిలో ఒకరు ఆ రోజు అస్సలు తాగకండి, లేకపోతే క్యాబ్‌లో వెళ్లండి. ‘రెండు గ్లాసులే కదా’ అన్న లెక్క ఇక్కడ పెట్టుకోవద్దు.

ప్రశ్న: మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. అంతా నడవగలదా? (రాజమండ్రి, కూతురు టాంపాలో)

సరస్సు చుట్టూ దారి దాదాపు రెండు కిలోమీటర్లు. గేటు నుంచి అక్కడికి నడక అదనం. పూర్తిగా తిరగాలన్న పట్టుదల వద్దు. సరస్సు మీద పడవలు టికెట్ లేకుండా ఇవతలి ఒడ్డు నుంచి అవతలికి చేరుస్తాయి, సగం నడక తప్పుతుంది. వీల్‌చైర్, బ్యాటరీ బండి గేటు దగ్గర అద్దెకిస్తారు. బ్యాటరీ బండ్లు త్వరగా అయిపోతాయి, కావాలంటే పార్కు తెరిచే వేళకే వెళ్లండి.

అమ్మగారికి కూర్చోవడానికి రెండు చోట్లు గుర్తుపెట్టుకోండి. అమెరికా పెవిలియన్ లోపల అరగంట ప్రదర్శన ఉంటుంది, మెత్తటి కుర్చీలు, ఏసీ. మెక్సికో పెవిలియన్ పిరమిడ్ లోపల ఎప్పుడూ సాయంసంధ్యలా మసక వెలుతురు, చల్లదనం. అక్కడే నెమ్మదిగా సాగే పడవ రైడు కూడా ఉంది. కొత్త చెప్పులు వేసుకు రావద్దని చెప్పండి. చీర కట్టుకుంటే బ్యాటరీ బండి చక్రంలో కుచ్చెళ్లు పడకుండా చూసుకోవాలి.

ప్రశ్న: పిల్లలతో వెళితే? వాన పడితే? (న్యూజెర్సీ)

తిన్న వెంటనే మిషన్ స్పేస్ ఆరెంజ్ రైడు ఎక్కించకండి. గిరగిరా తిరిగే యంత్రం అది, తిన్నదంతా బయటికొస్తుంది. రైడ్లు ముందు, తిండి తర్వాత. పిల్లలకు డిస్నీ కార్టూన్ సినిమాలోని రెమీ ఎలుక బొమ్మలు వెతికే ఆట ఉంది, మ్యాపు కొనాలి. వెతుకుతూ పోతుంటే నడుస్తున్న సంగతే మరిచిపోతారు.

సెప్టెంబరులో మధ్యాహ్నం ఉరుములతో వాన దాదాపు ఖాయం, గంటలో తగ్గిపోతుంది. గొడుగు కంటే రెయిన్‌కోటు మేలు, ప్లేటు పట్టుకోవడానికి చేతులు ఖాళీగా ఉంటాయి. లోపల కొంటే ఖరీదెక్కువ, ఇంటి దగ్గరే డాలరు కొట్టులో కొనుక్కుని వెళ్లండి. వాన ఆగిన పది నిమిషాలకు లైన్లు దాదాపు ఖాళీగా ఉంటాయి, అప్పుడే స్టాళ్ల వైపు నడవండి.

ప్రశ్న: మా వాళ్లు ఏప్రిల్‌లో వచ్చి జూన్‌లో వెళ్లిపోతారు. వాళ్లకు ఈ పండగ దక్కదా? (హైదరాబాద్)

ఈ పండగ దక్కదు. కానీ ఎప్‌కాట్‌లోనే మార్చి నుంచి జూన్ మొదటి వారం వరకు పూల పండగ జరుగుతుంది. అప్పుడూ ఇలాంటి స్టాళ్లే పెడతారు, పూలతో చేసిన బొమ్మలు అదనం. అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటే అనహైమ్‌లోని డిస్నీ పార్కులో ఫుడ్ అండ్ వైన్ ఫెస్టివల్ వసంతకాలంలోనే పెడతారు. అక్కడ కూపన్ల పాస్ కూడా అమ్ముతారు. కూపనుతో ఖరీదైన ప్లేట్లు తీసుకుంటేనే గిట్టుబాటు.